జీలుగు కల్లులో దొరికిన మందు

నాలుగో రోజు పొద్దున తొమ్మిదో ట్యాంకు తెరిచి చూసేసరికి ఈస్టు బతికే ఉంది.

డాక్టర్ వంతల మోదమ్మ మొదట నమ్మలేదు. గాజుపలక మీద ఒక చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. గుండ్రటి కణాలు, వాటి పక్కన మొగ్గల్లా పుట్టుకొస్తున్న పిల్లకణాలు. కదలకుండా చాలాసేపు చూస్తూ కూర్చుంది. రెండేళ్లలో ఇరవై మూడు రకాల ఈస్టుల్ని ఈ ట్యాంకుల్లో పెంచి చూసింది. గంజాయి మొక్క నుంచి తీసిన జన్యువుల్ని వాటిలోకి ఎక్కిస్తే, చక్కెర నీళ్లు తాగి ఫిట్స్ ఆపే మందును బుద్ధిగా తయారుచేసేవి. కాని ఆ మందు కాస్త పోగయ్యేసరికి దానికే చచ్చి, మూడో రోజుకల్లా అడుగుకు చేరేవి. తాము వండిన కూడే తమకు విషమైపోయేది.

ఇరవై నాలుగోది మాత్రం చావలేదు.

అది కొన్నదీ కాదు, ఏ దేశం నుంచో తెప్పించిందీ కాదు. రెండు నెలల క్రితం ఊరెళ్లి వస్తూ, తాడిచెట్టు జాతిదే అయిన జీలుగు చెట్టు గీసి అన్నయ్య ఇచ్చిన కల్లు ఒక సీసాడు తెచ్చుకుంది. విశాఖపట్నం బస్సు ఘాట్‌రోడ్డు దిగేలోపే పొంగి మూత ఎగిరిపోయింది. పక్క సీట్లో ఆవిడ చీర తడిసి, దారి పొడవునా తిడుతూనే ఉంది. సీసా అడుగున మిగిలిన మడ్డిని పారబోయడం ఇష్టంలేక, మరునాడు మోదమ్మ దాన్ని ప్రయోగశాలలో ఒక పళ్లెం మీద పూసి పెట్టింది. అంత పొగరుగా పొంగిన ఈస్టు ఎలా ఉంటుందో చూద్దామని సరదా, అంతే. తర్వాత దానికీ ఆ జన్యువులు ఎక్కించి తొమ్మిదో ట్యాంకులో వేసింది.

"ఏటి మేడమ్, మీలో మీరే నవ్వుకుంటన్నారు?"

లాలం గౌరి కడిగిన గాజు గొట్టాల బుట్టతో గుమ్మంలో నిలబడి ఉంది. అనకాపల్లి మనిషి. ఈ ప్రయోగశాలలో సామాను కడగడం, ట్యాంకులు తుడవడం ఆమె పని. ఆమె కూతురు తనూజకు ఆరేళ్లు, పుట్టిన ఏడాది నుంచీ ఫిట్స్. గంజాయి పువ్వు నుంచి తీసే మందు ఒక్కటే ఆ పిల్లకు పనిచేస్తుంది. నెలకు సరిపడే సీసాకు గౌరి జీతంలో సగానికి పైగా పోతుంది. అందుకని సీసాను రెండు నెలలకు సర్దుతుంది. సర్దిన నెలల్లో పిల్ల పడిపోతూనే ఉంటుంది.

"మందు తయారవుతోంది గౌరీ. పువ్వుతో పని లేకుండా. ఈ ట్యాంకులోనే."

"అలగైతే రేటు తగ్గుతాదేటండి?"

"ఇప్పుడున్నదాంట్లో పదో వంతుకు రావచ్చు."

గౌరి బుట్ట కింద పెట్టింది. మోదమ్మ ముందు ఎన్నడూ కూర్చోని మనిషి, స్టూలు లాక్కుని కూలబడింది. "పదో వంతా?" అంది గోడకేసి చూస్తూ. తర్వాత చటుక్కున లేచి, బుట్ట కూడా మరచిపోయి బయటికి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తే మెట్ల మీద నిలబడి, ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

మోదమ్మ ఆనందంగా నోటుపుస్తకం తెరిచింది. తేదీ వేసింది. ట్యాంకు నంబరు, వేడి, పులిసిన గంటలు రాసుకుంటూ వచ్చింది. ముడిసరుకు అన్నచోట ఈ మందు కాగితాల్లో ఎప్పుడూ ఉండే 'గంజాయి పువ్వు' అన్న మాటకు బదులు 'చక్కెర' అని రాసింది.

అక్కడ కలం ఆగిపోయింది. పొద్దుటి నుంచి అన్నయ్య ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదని అప్పుడు తెలిసింది.

*

ఆ శనివారం ఆమె ఊరెళ్లింది. పెదబయలు దాటి, జీపు దిగి, గెడ్డ అనే కొండవాగు దాటితే జీలుగుపుట్టు. డెబ్భై నాలుగు గడపల ఊరు.

పన్నెండేళ్ల క్రితమైతే ఆ ఊళ్లో పాతికేళ్లు దాటిన మగవాళ్లలో సగం మంది జైల్లోనో, జైలుకు భయపడి అడవిలోనో ఉండేవాళ్లు. కింద మైదానం నుంచి వ్యాపారులు వచ్చి గంజాయి విత్తనమిచ్చి, పంటను మూటలు కట్టించి మోయించుకుపోయేవాళ్లు. దొరికితే మూట మోసినవాడే దొరికేవాడు. మోదమ్మ అన్న బొంజుబాబు ఇరవై నాలుగేళ్ల వయసులో మోటారు సైకిలు కొనుక్కోవాలనే ఆశతో ఒక్కసారి మూట మోశాడు. ఆ ఒక్కసారికే ఐదేళ్లు లోపలున్నాడు.

తర్వాత చట్టం మారింది. మందు కోసం గంజాయి పండించవచ్చన్నారు. కాని కేసు ఉన్నవాడికి లైసెన్సు లేదని ఒక మెలిక పెట్టారు. కేసు లేని మగాడు ఊరికి నలుగురు కూడా లేరాయె. ముసలమ్మల పేరు మీద కింది వ్యాపారులే లైసెన్సులు తీసుకుని, పాత ఆటే కొత్త కాగితాలతో ఆడారు. రెండేళ్లు అలా సాగాక నియమం తిరగేశారు. కేసు ఉన్నవాడికే మొదట లైసెన్సు, మనిషికి అరెకరం, బయటివాడికి సెంటు లేదు, విత్తక ముందే ధర చెప్పాలి, మందుల బోర్డు ఊళ్లోకే వచ్చి కొనాలి. అప్పటి నుంచి ఊరికి ఊపిరి వచ్చింది. సరుకు మీద వసూలైన పన్నుతో ముగ్గురు నర్సులుండే ఆసుపత్రి వచ్చింది. గెడ్డ మీద వంతెన కడతామని కొలతలు కూడా తీసుకున్నారు.

"ఏటే సెల్లీ, సెప్పకుండా వచ్చేసినావు?" బొంజుబాబు ఆరబెట్టే కొట్టంలోంచి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. నలభై రెండేళ్లకే కణతలు నెరిశాయి. మనిషి మాత్రం తాడులా బిగువుగా ఉన్నాడు.

"చూడాలనిపించి వచ్చాను."

"అయితే పైకి రా. సూపిస్తాను."

కొట్టం వెనక, వాలు మీద మొక్కలు నడుమెత్తు పెరిగి, పూత బరువుకు వంగి ఉన్నాయి. ఒక్కో కాండానికి బోర్డు వాళ్ల పచ్చ చీటీ కట్టి ఉంది. అతను ఒక మొక్క ఆకు తిప్పి పురుగు పట్టిందేమో చూశాడు. "ఈ యేడు మన పువ్వుకి మొదటి రకం అన్నారు. ఇనస్పెక్టరు నా సెయ్యట్టుకుని 'బొంజుబాబు గారూ' అన్నాడే. గారూ అని!"

వదిన దేవుడమ్మ అంబలి పోసిచ్చింది. వచ్చే ఏడు పక్కనున్న బీడు కూడా దున్నుదామనుకుంటున్నామని చెప్పింది. మోదమ్మ అంబలి తాగింది, తల ఊపింది. నోటి దాకా వచ్చిన మాటను రెండుసార్లు మింగేసింది. మర్నాడు మధ్యాహ్నం తిరుగు జీపు ఎక్కుతుంటే, "ఏటో ఉంది నీ మనసులో. మళ్లీ వచ్చినప్పుడైనా సెప్పు," అన్నాడు అన్నయ్య. ఆమె తల తిప్పుకుని ముందుకు చూస్తూ కూర్చుంది.

*

"మందుల బోర్డుకు దరఖాస్తు సోమవారానికల్లా వెళ్లాలి," అన్నారు డాక్టర్ తటవర్తి. ఆయన ప్రయోగశాల అధిపతి, మోదమ్మకు చదువు చెప్పిన గురువు కూడా. "అన్నీ నింపావు. ఈ ఒక్క గడి ఖాళీగా ఉందేమమ్మా?"

ఆ గడి మీద 'సూక్ష్మజీవి సేకరించిన స్థలం' అని ఉంది.

"అది మా ఊరి కల్లు సార్. మా అన్నయ్య గీసే చెట్టుది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏజెన్సీ గ్రామం అని రాస్తే గ్రామసభ ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి ఏడాది పట్టవచ్చు, అసలు ఒప్పుకోకపోవచ్చు. వాళ్ల పంటను పోగొట్టే మందుకు వాళ్లే చేతులెత్తాలా? ఎవరెత్తుతారు చెప్పు?" గొంతు తగ్గించి అన్నారు. "భీమిలి రోడ్డులో కల్లు దుకాణాలున్నాయి. అక్కడ కొన్నామని రాస్తే అడిగే నాథుడు లేడు. నేను డబ్బు కోసం అనడం లేదు మోదమ్మా. ఈ రాష్ట్రంలో ఎంతమంది పిల్లలు పడిపోతున్నారో నీకు తెలుసు. ప్రతి నెలా ఆలస్యమే."

ఆయన మోసగాడు కాదు. అదే ఆమెకు కష్టంగా ఉంది. అంతకన్నా కష్టమైన సంగతి ఇంకొకటుంది. ఆయన చెప్పినట్టు రాస్తే, పువ్వు ధర కూలిపోయిన రోజున జీలుగుపుట్టులో ఎవరికీ ఆమె పేరు గుర్తుకు రాదు. ఏ పట్నంలోనో ఎవరో ఏదో కనిపెట్టారు, మన ఖర్మ, అనుకుంటారు. అన్నయ్య కూడా అలాగే అనుకుంటాడు. పండక్కి వెళితే ఎప్పటిలాగే అంబలి పోస్తారు.

"రెండు రోజులు ఆగండి సార్," అంది.

రెండో రోజున గౌరి పనికి రాలేదు. మోదమ్మ ఆసుపత్రికి వెళ్లింది. తనూజకు పొద్దున మొదలైన ఫిట్ నలభై నిమిషాలు ఆగలేదట. ఇప్పుడు పడుకుని ఉంది, పెదవి కొరుక్కోవడంతో వాచి ఉంది. గౌరి మంచం పట్టీ మీద కూర్చుని పిల్ల అరికాళ్లు రుద్దుతోంది.

"మేడమ్, ఆ ట్యాంకుది ఒక్క సెంచా ఇవ్వడానికి అవదేటండి?"

"అవదు గౌరీ. శుద్ధి చెయ్యాలి, పరీక్షలు కావాలి. అనుమతి లేకుండా ఇస్తే పిల్లకే ప్రమాదం."

"అనుమతి ఎవులు ఇయ్యాల?"

"మా ఊరివాళ్లు," అంది మోదమ్మ. జరిగినదంతా చెప్పింది. పంట సంగతి, అన్నయ్య సంగతి, దుకాణంలో కొన్నామని రాయడం సంగతి కూడా దాచలేదు.

గౌరి పిల్ల రెండో కాలు చేతిలోకి తీసుకుంది. "నానైతే అబద్ధం రాసేద్దును మేడమ్," అంది. "మీకు అబద్ధం వద్దనిపిస్తే బేగి ఎల్లి అడగండి. ఇక్కడ కూకోకండి."

మోదమ్మ ప్రయోగశాలకు తిరిగి వెళ్లి, ఆ ఖాళీ గడిలో జీలుగుపుట్టు అని రాసింది. తటవర్తి చదివి నిట్టూర్చారు. సంతకం మాత్రం చేశారు.

*

గ్రామసభ బడి వరండాలో కూర్చుంది. సర్పంచ్ మాట్లాడి ముగించాక మోదమ్మ లేచింది. తెచ్చిన కాగితాలు పక్కన పెట్టి, తనూజ ఫిట్స్ సంగతి నుంచి మొదలుపెట్టి మామూలుగా చెప్పింది. మన కల్లులో ఒక పురుగుంది, కంటికి కనపడదు. దానికి పంచదార నీళ్లు పోస్తే మన పువ్వులోని మందును అదే చేసిపెడుతుంది. ట్యాంకులు పెడితే రెండేళ్లలో బోర్డు మన పువ్వు కొనడం దాదాపు మానేస్తుంది. మీరు ఒప్పుకోకపోతే ఈ ఈస్టును ఎవరూ వాడకూడదు. అలాంటిదే ఇంకోటి ఇంకెక్కడైనా ఎవరికైనా దొరకవచ్చు, దొరకకపోవచ్చు. నాకు తెలియదు.

వరండా అంతా ఒక్కసారిగా మాట్లాడింది. సర్పంచ్ ఎంత అరిచినా ఎవరూ తగ్గలేదు. బొంజుబాబు లేచి నిలబడ్డాక తగ్గారు.

"మొన్న వచ్చినావు గదా," అన్నాడు. "తోటంతా తిప్పినాను. అప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు అన్నయ్యా."

"నోరిప్పలేదు."

"ఇప్పలేకపోయాను."

"నా సేత్తో గీసిచ్చిన కల్లు. దాంతోటే నా పంటని సంపుతావా?" గొంతు పెద్దదేమీ చెయ్యలేదు. అరిచినా బాగుండుననిపించింది ఆమెకు. "అయిదేళ్లు లోపలున్నాను. వచ్చినాక కూడా ఊళ్లోకి జీపొస్తే గుండె ఆగిపోయేది. ఈ నాలుగేళ్లే మనిషిలాగ బతికినాను. నాను ఒప్పుకోను. ఎవులు ఒప్పుకున్నా నాను ఒప్పుకోను."

"ఆ పురుగు తినే పంచదార బదులు మన జీలుగు నీళ్లు పొయ్యకూడదేటి? అలగైతే మనకీ ఏటో ఒకటి మిగుల్తాది," అన్నారు ఎవరో వెనక నుంచి.

అందరి ముఖాల్లో ఆశ కనిపించింది. అవునని చెప్పడం ఎంత తేలికో మోదమ్మకు తెలుసు. "చాలదు," అంది. "ఈ కొండ మీద ఉన్న చెట్లన్నీ గీసినా ఒక్క ట్యాంకుకు వారం కూడా రాదు."

అప్పుడు పాంగి సన్నాయమ్మ కర్ర నేల మీద కొట్టింది. డెబ్భై దాటిన మనిషి. ఇద్దరు కొడుకులు మూట మోసి జైలుకెళితే ఒక్కడే తిరిగొచ్చాడు. "సెట్టు సంగతి ఒగ్గేయండర్రా. పిల్లా, నువ్వు సెప్పు. ఆ మందు తాగితే ఆ పిల్ల పడిపోడం మానేస్తాదా?"

"చాలామంది మానేస్తారు అవ్వా. అందరూ కాదు."

"పోలీసు జీపు రాని యేడే నాకు మంచి పంట," అంది ముసలమ్మ అందరికేసి తిరిగి. "పువ్వు ధర పడిపోయిందనుకో. కుర్రోళ్లు ఏటి సేస్తారు? దొంగసాటుగా కొనేవోడు కింద ఇంకా ఉన్నాడు. మళ్లీ మూట మోస్తారు. నాకు డబ్బులొద్దు. నా మనవడు మూట మొయ్యని పని కావాల. అది రాసిస్తే సెయ్యెత్తుతాను."

అక్కడి నుంచి మాట దారిలో పడింది. మూట కాకపోతే ఏం పని? కాఫీ తోటల్లో చెట్లకు మిరియం పాకించవచ్చు, కాని తీగ కాపుకు రావడానికి నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ? బోర్డు ఆ నాలుగేళ్లు పువ్వును పాత ధరకే కొనాలి, అవసరమున్నా లేకపోయినా. మరి ట్యాంకుల్లో ఫిట్స్ మందుతో ఆగుతారా, నొప్పుల మందు, నిద్ర మందు అన్నీ చేసేస్తారా? పదేళ్ల పాటు పిల్లల మందు ఒక్కటే చెయ్యాలి, మిగతావి మొక్క నుంచే తియ్యాలి. అమ్మిన ప్రతి సీసా మీదా వాటా రావాలి, అది ఊరికి కాదు, పువ్వు పండించే కొండ ఊళ్లన్నిటికీ రావాలి. ఈ చివరి మాట దేవుడమ్మది. మన చెట్టు కదా, వాళ్లకెందుకని ఎవరో అంటే, "నా పుట్టిల్లు ఆ గెడ్డవతల ఊరు. నా తమ్ముడు పస్తుంటే నాను మిరియాలు ఎండబెట్టుకోవాలా?" అని తిరగబడింది.

మధ్యాహ్నం దాటాక చేతులు లెక్కపెట్టారు. నలభై ఒకటి ఒప్పుకున్నవి, ముప్ఫై మూడు కానివి. బొంజుబాబు కానివైపు చెయ్యెత్తి, లెక్క అయ్యేదాకా దించలేదు. తర్వాత చెల్లెలికేసి చూడకుండానే కొండెక్కి వెళ్లిపోయాడు.

*

మూడు నెలలకు విజయవాడలో మందుల బోర్డు విచారణ పెట్టింది. ఊరి తరపున సర్పంచ్‌తో పాటు ఇంకొకరు రావాలి. జీపులోంచి దిగిన రెండో మనిషి బొంజుబాబు. మోదమ్మ ఎదురెళితే, "సన్నాయమ్మ ఎల్లమంది," అని మాత్రమే అన్నాడు.

బోర్డు అధ్యక్షురాలు ఊరివాళ్ల షరతులన్నీ ఓపికగానే చదివింది. ఆమె పక్కన ఒక ఆర్థిక నిపుణుడు కూర్చున్నాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. "చట్టం ప్రకారం వాటా సూక్ష్మజీవి దొరికిన గ్రామానికే," అన్నాడు. "వంద ఊళ్లకు పంచితే ఎవరికీ గుప్పెడు కూడా రాదు. మీ ఒక్క ఊరికైతే బాగుపడతారు. ఇక పాత ధర నాలుగేళ్లు నిలబెట్టడం మంచిది కాదు. ధర పడితేనే రైతు వేరే పంటకు మారతాడు. నిలబెడితే అక్కడే ఉండిపోతాడు."

ఒక్క ఊరికే అన్న మాట సర్పంచ్‌కు రుచించినట్టే ఉంది.

బొంజుబాబు లేచాడు. "అయ్యా, నాను ఈ మందుకు సెయ్యెత్తినోడిని కాదు. ముందే సెప్తన్నాను." గదిలో ఎవరో చిన్నగా నవ్వారు. "మారరు అన్నారు మీరు. మా అయ్య తిండికి సోళ్లు పండించేవోడు. వ్యాపారులొచ్చి ఇది ఎయ్యమంటే మారినాం. సట్టం వచ్చి కాగితాలు రాయమంటే, నాం సదువురానోళ్లం, అదీ నేర్సుకుని మారినాం. రెండుసార్లు మారినాం బాబూ. మూడోసారీ మారతాం. తీగ ఎదగడానికి దానికెంత కాలం కావాలో అంత ఇయ్యండి. ఆకలేసినోడు తీగ ఎదిగేదాకా కూకోడు, మూట ఎత్తేస్తాడు. నానెత్తినాను గదా."

ఆర్థిక నిపుణుడు రాసుకోవడం ఆపాడు.

"ఇంకొకటి," అన్నాడు బొంజుబాబు. "ఎనకటికి వ్యాపారులు ఊరికొకడిని మంచి సేసుకుని, ఆడిసేత పక్క ఊరోళ్లని పట్టించేవోళ్లు. అలగ మా కొండ మీద ఒకడికొకడు ముఖాలు సూసుకోడానికి అవలేదు ఇన్నాళ్లూ. ఇప్పుడు సర్కారు కూడా ఒక్క ఊరిని మంచి సేసుకుంటాదేటి? మా ఊరికే అయితే మాకొద్దు. నాతోటి లోపల పడుకున్నోళ్లందరూ ఆ పక్క ఊళ్లోళ్లే."

సర్పంచ్ తల దించుకున్నాడు. "అదే మా ఊరి మాట," అన్నాడు.

తీర్పు రావడానికి ఆరు వారాలు పట్టింది. అడిగినదంతా రాలేదు. నాలుగేళ్ల ధర మూడేళ్లయింది. పదేళ్ల హద్దు ఏడేళ్లయింది. వాటా మూడు మండలాల్లో పువ్వు పండించే ఊళ్లన్నిటికీ వచ్చింది, అడిగినదాంట్లో సగం. ఆ ఉత్తర్వు ప్రతి పట్టుకుని మోదమ్మ ఊరెళితే, బొంజుబాబు పెరట్లో కాఫీ మొక్కల మధ్య నీడచెట్ల కింద మిరియం తీగకు గోతులు తీస్తున్నాడు. చదివి వినిపించింది. విని గునపం మళ్లీ అందుకున్నాడు.

"నానొప్పుకున్నానని అనుకోకు," అన్నాడు.

"అనుకోను."

"నువ్వు సేసింది మంచో సెడ్డో నాకు తెలవదు. సెప్పకుండా ఎల్లిపోయినావు సూడు ఆ పొద్దు, అది మాత్రం సెడ్డ."

"అవును అన్నయ్యా."

"అలగైతే ఆ తట్ట ఇటియ్యి."

ఆమె మట్టి తట్ట అందించింది. సాయంత్రం జీపు వేళ దాకా ఇద్దరూ గోతులు తీశారు.

*

మందు బజారులోకి రావడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. తనూజ బడిలో చేరింది. నెలలో ఒకసారి ఇంకా పడుతుంది. గౌరి దాన్ని లెక్కలోకే తీసుకోదు. పువ్వు ధర ఉత్తర్వు బలంతో నిలబడి ఉంది. దాని గడువు దగ్గరపడుతుండడం కొండ మీద అందరికీ తెలుసు. జీలుగుపుట్టులో ఇద్దరు కుర్రాళ్లు ఆగలేక మూటలు ఎత్తారు. ఒకడు దొరికాడు. వాడు సన్నాయమ్మ మనవడు కాదు, కాని ఆ రోజు ముసలమ్మ అన్నం ముట్టలేదు.

మంగళవారాల్లో బొంజుబాబు చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి, ఏ వాలులో ఏం నాటవచ్చో చెబుతున్నాడు. ఎవరూ జీతమివ్వరు. కొన్నిచోట్ల కుర్చీ వేస్తారు, కొన్నిచోట్ల తిడతారు. "నీ సెల్లి పెట్టిన సిచ్చే గదా" అన్నవాళ్లున్నారు. ఆ మాట విన్న మర్నాడు అతను మోదమ్మకు ఫోన్ చేశాడు. "మంగళారం నువ్వూ రావాల. తిట్లన్నీ నానొక్కడినే ఎందుకు తినాల?"

అలా ఆమె సెలవు పెట్టి వెళ్లింది. ఆ ఊరు ఇంకా పైన, రాళ్ల మధ్య పదిహేను ఇళ్లు. ఒకావిడ చంటిపిల్లను చంకనేసుకుని వచ్చి, అన్నాచెల్లెళ్లిద్దరినీ ఎగాదిగా చూసింది.

"మిరియం మిరియం అంటన్నారు. మాది రాతినేల. ఏసంగిలో సుక్క నీరుండదు. తీగ ఎండిపోతాది. మాకేటి దారి?"

బొంజుబాబు చుట్టూ చూశాడు. వంగి, ఆ నేల ఒక పిడికెడు తీసి నలిపాడు. "తెలవదు," అన్నాడు. "తెలుసుకుని మళ్లీ వస్తాం."

ఆవిడ నవ్వింది. అలా చెప్పి వెళ్లినవాళ్లను ఆమె చాలామందిని చూసినట్టుంది.

మోదమ్మ నాలుగు చోట్ల మట్టి తీసి సంచుల్లో కట్టుకుంది. విశాఖలో పరీక్ష చేయించింది, తెలిసినవాళ్లను అడిగింది. మరుసటి మంగళవారం ఇద్దరూ మళ్లీ కొండెక్కారు. పిల్లను స్నానం చేయిస్తున్న ఆవిడ వీళ్లను చూసి చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మిరియం రాదమ్మా," అన్నాడు బొంజుబాబు. "నువ్వన్నది నిజమే. జీడిమామిడి రావొచ్చు. మీ కొండ ఎత్తు కొంచెం ఎక్కువ, అందుకని ఖాయంగా సెప్పలేం."

"ఖాయం కాదంటే?"

"పది మొక్కలేస్తే ఆరో ఏడో బతుకుతాయి," అంది మోదమ్మ. "మూడు నాలుగేళ్లకు కాపు. మొదటి రెండేళ్లు నీళ్లు మోసిపోయాలి."

ఆవిడ పిల్లకు గుడ్డ చుట్టి గుమ్మంలో కూర్చోబెట్టింది. ఇంటి వారన నిలబెట్టిన మంచం తెచ్చి వాల్చి, కొంగుతో దులిపింది.

"కూకోండి," అంది. "నీళ్లు ఎక్కడి నుంచి మొయ్యాలో అది కూడా మీరే సెప్పాల."